గోడ ఒకటే, రంగు అంకెలు రెండు

మన బడి వార్షిక సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు మాకు పని పురమాయించారు. వారం వారం పిల్లలచేత గుణింతాలు దిద్దించడమే దీనికంటే తేలిక అనిపించింది. ఏం రాద్దామా అని తల గోక్కుంటుంటే, మన బడి కుటుంబం ఒకటి ఇల్లు మారేటప్పుడు పడ్డ తంటా గుర్తొచ్చింది. వాళ్ళ అనుమతి తీసుకునే రాస్తున్నాం. పేర్లు మాత్రం అడగవద్దని మనవి.

జర్మనీలో అద్దె ఇల్లు ఖాళీ చేయడమంటే ఏమిటో ఇక్కడి పెద్దలందరికీ తెలుసు. యజమాని ప్రతి గోడా తడిమి తడిమి చూస్తారు. కౌత్సియోన్ పేరుతో మనం కట్టిన డిపాజిట్టు, మూడు నెలల అద్దె దాకా ఉంటుంది, వారి చేతిలోనే ఉంటుంది. ఈ కుటుంబం ఇంట్లో హాలు గోడకు యజమానే వేయించిన లేత వెన్న రంగు ఉండేది. ఆ గోడ మీద వాళ్ళ చిన్నబ్బాయి స్కెచ్ పెన్నుతో 'అ' నుంచి 'ఋ' దాకా ముత్యాల్లా రాసిపెట్టాడు. (మన బడి చలవే!)

తండ్రి అలమారు వెనక మూల నుంచి గోడ పెచ్చు ఒకటి ఊడదీసి బౌమార్క్ట్‌కు పట్టుకెళ్ళారు. అక్కడ ఒక చిన్న పరికరాన్ని పెచ్చుకు ఆనించి కొలిచి, ఆ అంకెల ప్రకారం మిషనులో రంగు కలిపి డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి వేస్తే 'అ ఆ'లు పోయాయి గానీ వాటి స్థానంలో పెద్ద మచ్చ తేలింది. మర్నాడు అదే పెచ్చుతో ఇంకో దుకాణానికి వెళ్ళారు. అక్కడి పరికరం వేరే అంకెలు చెప్పింది, వేరే డబ్బా ఇచ్చింది. ఇప్పుడు గోడ మీద రెండు మచ్చలు! "నాన్నా, ఏ మిషను తప్పు?" అని అడిగాడట పిల్లవాడు.

మాలో కొందరం ఇటువంటి పరికరాలకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో ఉన్నాం కాబట్టి ఆ ప్రశ్న చివరికి మా దగ్గరికే వచ్చింది. రెండు మిషన్లూ తప్పు చెప్పకపోయినా ఇలా జరగవచ్చు అంటే ఆయన నమ్మలేదు. మీరు నమ్ముతారేమో చూద్దాం.

పిల్లలూ, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మతో చీరల కొట్టుకు వెళ్ళండి. ఎంత పెద్ద షోరూమైనా సరే, చీర నచ్చాక ఆవిడ "కాస్త గుమ్మంలోకి తీసుకురా బాబూ, వెలుతురులో చూస్తాను" అంటుంది. ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు అని ఆవిడకు అనుభవం. మ్యాచింగ్ సెంటరులో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చీర అంచుకు అతికినట్టు సరిపోయిందనుకున్న జాకెట్టు గుడ్డ రోడ్డు మీదికి రాగానే సరిపోకుండా పోతుంది. కొట్టువాడు మోసం చేయలేదు. ఆ రెండు గుడ్డలకూ అద్దిన రంగులు వేరు. లైటు కింద రెండింటి నుంచీ కంటికి చేరిన కాంతి ఒకలా ఉంది, ఎండలో వేరుగా ఉంది, అంతే. దీనికి శాస్త్రంలో మెటామెరిజం అని పేరు.

ఇందులోనే సగం జవాబు ఉంది. బరువు కొలిస్తే ఆ వస్తువుకున్న బరువే తెలుస్తుంది. రంగు అలా వస్తువు ఒక్కదాని సొత్తు కాదు. ఏ వెలుతురులో, ఏ కోణంలో, ఎవరి కంటితో చూశామన్నదీ రంగులో భాగమే. కొలిచే పరికరాలు ఈ మూడింటి మీదా ఒక మాట మీద ఉంటేనే వాటి అంకెలను పోల్చవచ్చు.

పరికరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. స్పెక్ట్రోఫోటోమీటరు అనే ఈ పరికరం వస్తువు మీద తెల్లని కాంతి వేసి, తిరిగొచ్చిన కాంతిని ఇంద్రధనుస్సులాగా విడదీస్తుంది. 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ఎరుపు దాకా, ప్రతి 10 నానోమీటర్లకూ ఎంత శాతం కాంతి తిరిగొచ్చిందో రాసుకుంటుంది. లెక్కపెట్టండి, మొత్తం 31 అంకెలు. పసుపు కొమ్ము అయితే మొదటి అంకెలు, అంటే ఊదా, నీలం వైపువి, చిన్నవిగా ఉండి, తర్వాతవి పెద్దవవుతాయి. కుంకుమ అయితే చాలాదూరం అడుగునే పాకి, ఎరుపు దగ్గరికొచ్చాక ఒక్కసారిగా లేస్తుంది.

ఈ 31 అంకెల్లో మన కన్ను ఇంకా లేదు. కంటి సంగతి 1931లో తేల్చారు. అంతర్జాతీయ ప్రకాశ కమిషను, పొట్టిగా సి.ఐ.ఇ., ఇంగ్లండులో రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా చేసిన ప్రయోగాలను కలిపి 'ప్రామాణిక కన్ను' ఒకటి తయారుచేసింది. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారు అందరూ కలిపి 17 మంది. ప్రపంచమంతా ఈనాటికీ వాడుతున్న కన్ను ఆ 17 మందిదే! అయితే వాళ్ళు చూసిన రంగు మచ్చ చాలా చిన్నది. చెయ్యి చాచి బొటనవేలు గోరు చూడండి, సుమారు అంత. గోడల్లాంటి పెద్ద వాటికి అది చాలదని 1964లో రెండో ప్రామాణిక కన్ను చేశారు. అది చాచిన చేతి పిడికిలంత మచ్చకు సంబంధించినది. కాబట్టి ఒక పరికరంలో 1931 కన్ను, ఇంకో పరికరంలో 1964 కన్ను ఎంచుకుని ఉంటే, ఒకే గోడకు రెండు రకాల అంకెలు వస్తాయి. వెలుతురూ అంతే. పగటి వెలుతురుకు డి65 అని ఒక ప్రమాణం ఉంది, రంగుల పరిశ్రమ ఎక్కువగా దాన్నే వాడుతుంది. అచ్చుపనివారు డి50 అనే కాస్త పసుపుపాటి వెలుతురును వాడతారు.

వెలుతురూ కన్నూ ఏవో ఎంచుకున్నాక 31 అంకెలు మూడు అంకెలవుతాయి. 1976లో సి.ఐ.ఇ. ఒప్పుకున్న పద్ధతిలో మొదటిది ఎల్, ఎంత వెలుగుగా ఉందో చెబుతుంది, నలుపుకు 0, తెలుపుకు 100. రెండోది ఏ, ఎరుపు వైపా ఆకుపచ్చ వైపా అన్నది. మూడోది బి, పసుపు వైపా నీలం వైపా అన్నది. వెన్న రంగు గోడకు ఒక పరికరం 88, 2, 24 అందనుకోండి. ఇంకోటి 87.4, 2.6, 25.2 అందనుకోండి. తేడాలు 0.6, 0.6, 1.2. వీటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 1.5 వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు గుర్తుపట్టే ఉంటారు, ఇది పైథాగరస్ సూత్రమే, మూడు దిక్కుల్లో. ఈ తేడాకు డెల్టా ఈ అని పేరు. రెండు రంగులు ఆనుకుని ఉంటే సుమారు 1 దగ్గర కన్ను తేడా పట్టడం మొదలుపెడుతుంది. వేరు వేరు గదుల్లో ఉంటే 3 ఉన్నా చాలామంది పట్టలేరు. గోడ మీద మచ్చ ఎంత కష్టమైన పరీక్షో చూశారా!

ఇక కోణం. జర్మనీలో రంగు పేరు చెప్పడమంటే రాల్ నంబరు చెప్పడమే. 1925లో బెర్లినులో మొదలైన ఈ సంస్థ 1927లో 40 రంగులకు నంబర్లు పెట్టి పట్టిక వేసింది. అంతకుముందు రంగు కావలసినవాడూ అమ్మేవాడూ నమూనా ముక్కలు ఒకరికొకరు పంపుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పట్టికలో 200కు పైగా రంగులున్నాయి. స్టేషను ముందు వరసగా నిలబడే టాక్సీల దంతపు రంగు రాల్ 1015. టెలికోం వారి గులాబీ రంగు రాల్ 4010. ఈ పట్టికను మెరుపు లేని ముక్కలతో ఒకటి, మెరిసే ముక్కలతో ఒకటి, విడివిడిగా వేస్తారు. నంబరు ఒకటే, చూడటానికి ఒకేలా ఉండవు. ఎందుకని?

మెరిసే ముక్క మీద పడ్డ కాంతిలో కొంత రంగులోకి దిగకుండానే అద్దం మీద నుంచి వచ్చినట్టు తిరిగొస్తుంది. కొన్ని పరికరాలు 45 డిగ్రీల వాలుగా కాంతి వేసి నిట్టనిలువుగా చూస్తాయి, కాబట్టి ఆ మెరుపు వాటి కంట పడదు. కొన్నింటిలో లోపలంతా తెల్లగా ఉన్న గోళం ఉంటుంది, కాంతి అన్ని వైపుల నుంచీ పడుతుంది. వాటిలో మెరుపును కలిపి కొలవవచ్చు, ఒక చిన్న కిటికీ తెరిచి మెరుపును వదిలేసి కూడా కొలవవచ్చు. ఈ రెండు జాతుల పరికరాల అంకెలను ఏ సూత్రంతోనూ కచ్చితంగా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి మార్చలేం. రెండూ కొలిచింది వేరు వేరు సంగతులు. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఈ మార్పిడికి ప్రోగ్రాము రాసేద్దామని ఉబలాటపడుతుంటారు. మేమూ పడ్డాం, ఒక వేసవి వృథా అయింది.

అసలు జర్మనీవాళ్ళకు రంగు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, దానికి మన ఊళ్ళతోనూ చుట్టరికం ఉంది. మచిలీపట్నం, పెడన కలంకారీ ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులో ఎరుపునిచ్చే పదార్థాన్ని అలిజరిన్ అంటారు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని తారు నుంచి వచ్చే పదార్థంతో ప్రయోగశాలలోనే తయారుచేశారు. 1897లో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ నీలిమందును కూడా అలాగే చేసి అమ్మడం మొదలుపెట్టింది, మన దేశంలో నీలి సాగు దెబ్బతింది. వేరు నుంచి తీసిన రంగు ఒక్కో వాయికి ఒక్కోలా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఫ్యాక్టరీ పీపాల్లో నింపి ప్రపంచమంతా అమ్మే రంగు అలా ఉంటే సరుకు వెనక్కి వస్తుంది. అద్దకపువాడి కన్ను ఒక ఊళ్ళోనే ఉంటుంది, పీపాలు పది దేశాలకు పోతాయి. అంకెలు కావలసివచ్చింది అందుకే.

నీలిమందు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మన ఇళ్ళలో తెల్లబట్టలు ఉతికాక కాస్త నీలిమందు కలిపిన నీళ్ళలో జాడించేవారు. ఇప్పటి చాలా సబ్బు పొడుల్లో ఆ పని చేయడానికి వేరే మందు ఉంటుంది. అది కంటికి కనబడని అతినీల కాంతిని మింగి నీలి కాంతిగా కక్కుతుంది. పుట్టినరోజు పార్టీల్లో ఊదా దీపం కింద మీ తెల్ల చొక్కాలు మిలమిలలాడేది దీనివల్లే. తెల్ల కాగితంలో, కొన్ని తెల్ల రంగుల్లో కూడా ఇది కలుపుతారు. ఇటువంటి వాటిని కొలిచేటప్పుడు పరికరం దీపంలో అతినీల కాంతి ఎంత ఉందన్నది ముఖ్యం. పాత బల్బు ఉన్న పరికరం ఒకలా, కొత్త ఎల్.ఇ.డి. ఉన్న పరికరం ఇంకోలా చెబుతాయి. అచ్చుపనికి సంబంధించి 2009లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి సవరించి, దీపం ఎలా ఉందో చెప్పడానికి ఎమ్0, ఎమ్1, ఎమ్2, ఎమ్3 అని గుర్తులు పెట్టారు. ఆ గుర్తు లేకుండా కాగితం తెలుపు అంకెలు చెప్పడం, యూనిట్లు రాయకుండా జవాబు రాసినట్టే. మా ఫిజిక్సు మాస్టారు దానికి సున్నా వేసేవారు.

సరే, వెలుతురు, కన్ను, కోణం అన్నీ ఒకేలా పెట్టాం. ఒకే మోడలు పరికరాలు రెండు తెచ్చాం. అప్పుడైనా అంకెలు కలుస్తాయా? అప్పుడు అసలు క్యాలిబ్రేషను మొదలవుతుంది.

ఇంజనీరింగు, ఇంటరు చదివినవారికి వెర్నియర్ కాలిపర్సు గుర్తుండే ఉంటుంది. కొలిచే ముందు దవడలు మూసి జీరో ఎర్రరు చూడమనేవారు. ఇక్కడా అదే. ముందు ఏ కాంతీ తిరిగిరాని నల్లని డబ్బా చూపించి సున్నా పెట్టాలి. తర్వాత తెల్లని పలక చూపించి, దాని అంకెలు ఇవీ అని చెప్పాలి. మరి అన్నిటికంటే తెల్లనిది ఏది? చాలాకాలం మెగ్నీషియం కాల్చగా వచ్చే తెల్లని పొగను పలక మీద పేర్చి దాన్నే ప్రమాణంగా వాడారు. మనం పదో తరగతిలో మెగ్నీషియం తీగ కాల్చినప్పుడు వచ్చే పొగే! అయితే అది రోజులు గడిచేకొద్దీ రంగు మారేది. అందుకని 1969 నుంచి సి.ఐ.ఇ. అసలు వస్తువునే పక్కనపెట్టి, పడ్డ కాంతినంతా అన్ని వైపులకూ సమంగా తిప్పి పంపే ఊహాత్మకమైన తెలుపును ప్రమాణంగా తీసుకుంది. అది ఏ దుకాణంలోనూ దొరకదు. దానితో పోలిస్తే నిజమైన పలక ఎంత తెలుపో ఎవరో కొలిచి చెప్పాలి.

జర్మనీలో ఆ 'ఎవరో' బ్రౌన్‌ష్వైగ్‌లో ఉన్న జాతీయ కొలతల సంస్థ, పి.టి.బి. దీనికి ముందున్న సంస్థ 1887లో బెర్లిను పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో మొదలైంది, హెల్మ్‌హోల్ట్స్ దాని మొదటి అధ్యక్షుడు. మనకు ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఉన్నట్టు అన్నమాట. ఇక్కడ రోబో చేతికి పలకను తగిలించి, వేరు వేరు కోణాల్లో తిప్పుతూ ఎంత కాంతి తిరిగొస్తుందో కొలుస్తారు. ఆ పలకతో పోల్చి ప్రయోగశాల పలక, దానితో పోల్చి కంపెనీ పలక, దానితో పోల్చి మీ పరికరం పెట్టెలో వచ్చే చిన్న తెల్లపలక. ప్రతి మెట్టులోనూ కొంచెం అనిశ్చితి చేరుతుంది. ఆఖరి పలక మీద దుకాణంలో ఎవరి వేలిముద్రో పడి ఉంటే ఆ మురికి కూడా 'తెలుపు' కిందే లెక్క. ఆ తర్వాత కొలిచినవన్నీ ఉన్నదానికంటే తెల్లగా కనబడతాయి.

సున్నా, తెలుపు సరిపోయినా రంగులు తేడా రావచ్చు. పరికరం లోపలి ఇంద్రధనుస్సు ఒక్క నానోమీటరు పక్కకు జరిగిందనుకోండి. బూడిద రంగుకు ఏమీ కాదు, ఎందుకంటే దాని 31 అంకెలూ దాదాపు సమానం. కుంకుమకైతే అంకె ఒక్కసారిగా లేచే చోటు ఉంది కదా, అక్కడ తేడా బయటపడుతుంది. అందుకే పరీక్షకు బూడిద పలకలు, రంగు పలకలు రెండూ ఉండాలి. ఇంగ్లండులో పింగాణీ పరిశోధన సంస్థ తయారుచేసిన 12 పలకల సెట్టు దీనికి ప్రసిద్ధి. పింగాణీ కాబట్టి ఏళ్ళ తరబడి రంగు మారదు. కానీ అందులో ఎరుపు, నారింజ, పసుపు పలకలకు ఒక వింత గుణం ఉంది, గది వేడెక్కితే వాటి రంగు కొంచెం మారి చల్లబడితే వెనక్కి వస్తుంది. కాబట్టి పలకతోపాటు గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి.

రెండు పరికరాలతో ఈ పలకలన్నీ కొలిస్తే తేడాలో ఒక క్రమం కనబడుతుంది. సున్నా ఎంత జరిగింది, స్కేలు ఎంత సాగింది, ఇంద్రధనుస్సు ఎంత పక్కకు పోయింది అని విడదీసి ప్రోగ్రాముతో సరిచేయవచ్చు. మూడు రంగు అంకెలనే నేరుగా తోసి కలపడం కంటే, 31 అంకెల దగ్గరే కారణం పట్టుకుని సరిచేయడం మంచిదని మా అభిప్రాయం. మొదటి పద్ధతిలో కొలిచిన పలకలకు జవాబు బ్రహ్మాండంగా వస్తుంది, కొత్త రంగు పెట్టగానే బండారం బయటపడుతుంది.

ఇది చిన్న దుకాణాల సమస్యే అనుకోకండి. 2006లో ఎక్స్-రైట్ అనే అమెరికా కంపెనీ, స్విట్జర్లండుకు చెందిన గ్రెటాగ్-మాక్‌బెత్‌ను కొన్నది. రెండూ రంగు కొలిచే పరికరాలకు పేరుమోసినవే. కానీ ఇద్దరి క్యాలిబ్రేషను సంప్రదాయాలు వేరు. ఒకే కంపెనీ పేరు కింద రెండు రకాల 'సరైన' అంకెలు! తేడా చిన్నదే అయినా, ఒక ప్రెస్సు ఒకదానితో, దానికి పని ఇచ్చినవాడు ఇంకోదానితో కొలిస్తే తగువే. 2010లో రెండిటికీ కలిపి ఎక్స్.ఆర్.జి.ఏ. అనే ఒకే క్యాలిబ్రేషను ప్రమాణం పెట్టి, పాత అంకెలను దానిలోకి మార్చే దారి కూడా ఇచ్చారు. పాత కొలతలను పారేయకుండా దారి వేయడం మాకు బాగా నచ్చింది. సాఫ్టువేరువాళ్ళలో అంత ఓపిక తక్కువ, ఒప్పుకోవాలి.

మళ్ళీ మన గోడ దగ్గరికి వద్దాం. మేము నలుగురం వెళ్ళి చూశాం. పెచ్చు అలమారు వెనకది, దాని మీద ఎండ పడలేదు. పిల్లవాడు రాసిన చోటు కిటికీ ఎదురుగా ఉంది, రంగు వెలిసింది. అంటే కొలిచిందే వేరే రంగు. పైగా పెచ్చు గరుకుగా, చిన్నగా ఉంది. పరికరం రంధ్రాన్ని అది పూర్తిగా కప్పిందో లేదో ఎవరూ చూడలేదు, కప్పకపోతే దాని వెనకున్న బల్ల రంగు కూడా కలుస్తుంది. ఒక్కచోటే ఒక్కసారే కొలిచారు. గరుకు గోడకు నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయాలి. రెండో దుకాణంలో పరికరం వేరే జాతిది. ఇక రెండు డబ్బాల అంకెలు కలిస్తేనే ఆశ్చర్యపోవాలి.

పరికరాలు తెచ్చి కొలుద్దామని మేము ఉత్సాహపడుతుంటే, ఆ ఇంటి పైఅంతస్తులో ఉండే ముసలాయన, ఒకప్పుడు రంగులు వేసే మేస్త్రీ, తొంగిచూసి నవ్వారు. మచ్చ వేయకండి, ఒకే డబ్బాతో ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేయండి అన్నారు. మూల దగ్గర గోడ మలుపు తిరుగుతుంది, రెండు గోడల మీదా వెలుతురు ఎలాగూ ఒకలా పడదు, కాబట్టి 1.5 తేడా ఉన్నా కన్ను పట్టదు. అలాగే వేశారు. యజమాని తడిమి చూసి తల ఊపారు, డిపాజిట్టు మొత్తం తిరిగొచ్చింది.

మిగిలిన రెండు డబ్బాలూ మన బడికి ఇచ్చారు. మొన్నటి వార్షికోత్సవంలో వేదికకు ఎడమవైపు అట్టలకు ఒకటి, కుడివైపు అట్టలకు ఇంకోటి వేశాం. ఇప్పటిదాకా తేడా ఎవరూ అడగలేదు.